మా అమ్మాయి అడుగులు – నా లెక్కలు

(అక్టోబరు 6, ప్రపంచ సెరిబ్రల్ పాల్సీ దినం సందర్భంగా జోనల్ కార్యాలయంలో జరిగిన సిబ్బంది సమావేశంలో ఒక సీనియర్ మేనేజర్ చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు ముందు వద్దన్నాను. మొండి బకాయిల వసూలు మీద అయితే గంటసేపు మాట్లాడగలను. ఇంటి సంగతులు మైకు ముందు చెప్పడం నాకు అలవాటు లేదు. పైగా నేను డాక్టర్ని కాదు, ఫిజియోథెరపిస్టునీ కాదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదకొండేళ్ల అమ్మాయికి తండ్రిని, అంతే. రాత్రి భోజనాల దగ్గర ఈ మాట చెబితే మా అమ్మాయే, "వెళ్లి చెప్పు నాన్నా. కానీ నేను చెయ్యి ఊపిన సంగతి కూడా చెప్పాలి" అంది. ఆ షరతు మీదే ఇక్కడికి వచ్చాను.

ముందుగా రెండు మాటల్లో ఈ స్థితి గురించి చెబుతాను. మెదడు ఎదుగుతున్న దశలో, అంటే కడుపులో ఉండగా కానీ, పుట్టేటప్పుడు కానీ, పుట్టిన తొలి రోజుల్లో కానీ మెదడుకు ఏదైనా దెబ్బ తగిలితే కదలికలు, నిలబడే కూర్చునే తీరు అదుపు తప్పుతాయి. దాన్నే సెరిబ్రల్ పాల్సీ అంటారు. మెదడులో జరిగిన ఆ నష్టం రోజురోజుకూ పెరగదు. అలాగని పూర్తిగా పోదు కూడా. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి పాపమూ కాదు. ఇంచుమించు ప్రతి వెయ్యి మంది శిశువుల్లో ఇద్దరు ముగ్గురికి ఉంటుందని చాలాకాలంగా చెబుతున్న లెక్క. మా అమ్మాయి ఏడో నెలలో పుట్టింది. చేతులు బాగానే పనిచేస్తాయి. కాళ్ల కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. చదువులో చురుకు, మాటల్లో ఇంకా చురుకు. ఇంట్లో, బడిలో వాకర్ పట్టుకుని నడుస్తుంది. దూరమైతే చక్రాల కుర్చీ.

నా టార్గెట్, తన విండో డ్రెస్సింగ్

రెండేళ్ల కిందట తన తొమ్మిదో పుట్టినరోజుకు అడుగులు లెక్కపెట్టే బ్యాండ్ ఒకటి కొని చేతికి కట్టాను. డాక్టర్లందరూ "పిల్లను బాగా కదిలించండి, కూర్చోబెట్టకండి" అనేవారు. ఎంత కదిలించాలి, ఎంత కదులుతోంది అనేది ఎవరూ అంకెల్లో చెప్పలేదు. బ్యాంకు ఉద్యోగికి అంకె లేకపోతే నిద్ర పట్టదు కదా. ఎక్సెల్ షీటు తెరిచాను. రోజుకు 3,000 అడుగులు టార్గెట్ పెట్టాను. ప్రతి శనివారం రాత్రి రివ్యూ. మా ఆవిడ "ఇది ఇల్లా, రీజినల్ ఆఫీసా?" అంది. నేను వినలేదు.

మొదటి వారాల్లో రోజుకు 400, 350, 500 అలా వచ్చేవి. శనివారం ఆ షీటు చూసి నా మొహం వాడిపోయేది. నేను తిట్టేవాణ్ణి కాదు. కానీ పిల్లలకు తిట్టనక్కర్లేదు, మన మొహం చాలు. నెల తిరిగేసరికి అంకెలు మారాయి. 1,200 అయ్యాయి, 1,900 అయ్యాయి, ఒక గురువారం నాడు 3,000 దాటింది. ఆ రోజు బ్రాంచిలో అందరికీ స్వీట్లు పంచాను.

తరవాత వారం సర్వర్ పనిచేయక కాస్త తొందరగా ఇంటికి వచ్చాను. తను మంచం మీద కూర్చుని టీవీ చూస్తోంది. బ్యాండ్ ఉన్న చెయ్యి మాత్రం పైకీ కిందికీ ఊపుతూనే ఉంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అన్నాను.

"అడుగులు వేస్తున్నా నాన్నా" అంది. కాసేపాగి, "నేను నిజంగా నడిస్తే ఇది లెక్కపెట్టదు. ఊపితే లెక్కపెడుతుంది. శనివారం నువ్వు మొహం అలా పెట్టుకుంటావు కదా, అందుకని" అంది.

మిత్రులారా, మార్చి 31 సాయంత్రం వచ్చి ఏప్రిల్ మొదటి వారంలో వెళ్లిపోయే డిపాజిట్లు మనందరికీ తెలుసు. మీరు నవ్వుతున్నారు. నాకు మాత్రం ఆ రోజు నవ్వు రాలేదు. అంకె మీద ఒత్తిడి పెడితే అంకె పెరుగుతుంది, పని పెరగాలని లేదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నాకు తెలిసిన ఈ సంగతి నా ఇంట్లోనే మర్చిపోయాను.

బ్యాండ్ ఎందుకు తప్పింది?

మరుసటి రోజు ఫిజియోథెరపిస్టు మేడమ్‌తో జరిగింది చెప్పాను. ఆవిడ మా అమ్మాయిని వరండాలో వాకర్‌తో నడిపించి, అడుగులు తనే నోటితో లెక్కపెట్టారు. 60 అడుగులు. బ్యాండ్ చూపించింది 7. "సార్, పాప చెప్పింది నిజమే" అన్నారు.

కారణం చిన్నదే. చేతి బ్యాండ్ కాళ్లను చూడదు, చెయ్యి ఊగడాన్ని చూసి అడుగు అని ఊహిస్తుంది. వాకర్ పట్టుకున్న చేతులు ఊగవు. పైగా ఆ పరికరాల్లోని లెక్క మామూలుగా నడిచేవారి వేగాన్ని, ఊపును బట్టి తయారైంది. నెమ్మదిగా, కాలు ఈడ్చి వేసే అడుగును అది అడుగుగా గుర్తించదు. ఈ పిల్లల మీద అధ్యయనాలు చేసేవారు అందుకే చీలమండకో, తొడకో, నడుముకో కట్టే పరికరాలు వాడతారట. చీలమండకు కట్టేది అడుగులు పట్టుకుంటుంది. తొడకు అంటించేది కూర్చున్నారా, నిలబడ్డారా అనేది తెలుసుకుంటుంది. నడుముకు కట్టేది ఒంటి మొత్తం కదలికను నమోదు చేస్తుంది. ఏది కొలవాలో ముందు తేల్చుకుని, తరవాత పరికరం ఎంచుకోవాలి. నేను దుకాణంలో ఏది తక్కువకు వచ్చిందో అది కొన్నాను.

ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు. "అడుగులు సరిగ్గా లెక్కపెట్టినా సార్, మీ అమ్మాయి అడుగూ మీ అబ్బాయి అడుగూ ఒకటి కాదు." మా పెద్దవాడు తనకన్నా మూడేళ్లు పెద్ద. ఇద్దరికీ అక్కడే ఒక చిన్న పరీక్ష చేశారు. కాసేపు కూర్చోబెట్టి నాడి చూశారు. ఎవరికి హాయైన వేగంతో వాళ్లను కొన్ని నిమిషాలు నడిపించి మళ్లీ నాడి చూశారు. నిమిషానికి ఎన్ని మీటర్లు నడిచారో రాసుకున్నారు. పెరిగిన నాడిని వేగంతో భాగిస్తే ఒక్క మీటరు నడవడానికి గుండె ఎన్నిసార్లు అదనంగా కొట్టుకుందో తెలుస్తుంది. దీన్ని ఎనర్జీ ఎక్స్‌పెండిచర్ ఇండెక్స్ అంటారు. వడ్డీ లెక్క కన్నా తేలిక.

మావాడికి కూర్చున్నప్పుడు 84, నడిచాక 114. తేడా 30. వేగం నిమిషానికి 60 మీటర్లు. అంటే మీటరుకు అర చప్పుడు. మామూలు పిల్లలకు ఇంచుమించు అంతే ఉంటుందట. మా అమ్మాయికి కూర్చున్నప్పుడు 88, వాకర్‌తో నడిచాక 143. తేడా 55. వేగం నిమిషానికి 25 మీటర్లు. మీటరుకు 2.2 చప్పుళ్లు. తను వీధిలో 100 మీటర్లు నడిస్తే, గుండె లెక్కన వాడు 440 మీటర్లు నడిచినట్టు. జ్వరం, భయం, ఎండ లాంటివి నాడిని మారుస్తాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్క అని మేడమ్ హెచ్చరించారు. ఉజ్జాయింపైనా సరే, నాకు మొదటిసారి అర్థమైంది. సాయంత్రం బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి పడుకుంటే "బద్ధకం" అన్నది నేనే.

చేయగలిగింది వేరు, చేస్తున్నది వేరు

ఆసుపత్రుల్లో వాడే కొలతల గురించి కూడా ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను. ఇలాంటి పిల్లలున్న సహోద్యోగులకు ఉపయోగపడతాయని కొంచెం వివరంగా చెబుతాను.

మొదటిది జీఎంఎఫ్‌సీఎస్ అనే ఐదు స్థాయిల వర్గీకరణ. రాబర్ట్ పాలిసానో, ఆయన సహచరులు 1997లో దీన్ని ప్రచురించారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఉన్న క్యాన్‌చైల్డ్ అనే పరిశోధన కేంద్రం నుంచి వచ్చింది. 2007లో సవరించి 18 ఏళ్ల వరకూ విస్తరించారు. మొదటి స్థాయి పిల్లలు ఏ ఆసరా లేకుండా నడుస్తారు, మెట్లు కూడా ఎక్కుతారు. రెండో స్థాయి వారికి మెట్ల దగ్గర కమ్మీ కావాలి, ఎక్కువ దూరం కష్టం. మూడో స్థాయి వారు చేతికర్రలో, వాకరో పట్టుకుని నడుస్తారు, దూరాలకు చక్రాల కుర్చీ. నాలుగో స్థాయి వారు ఎక్కువగా కుర్చీ మీదే ఆధారపడతారు. ఐదో స్థాయి వారికి తల, నడుము నిలపడమే కష్టం. మా అమ్మాయిది మూడో స్థాయి. ఇది మార్కుల జాబితా కాదు. ఏ పిల్లకు ఏది సాధ్యమో ముందుగా ఒక అంచనాకు రావడానికి పనికొస్తుంది.

రెండోది జీఎంఎఫ్‌ఎం. పడుకుని దొర్లడం, కూర్చోవడం, పాకడం, నిలబడడం, నడవడం, పరుగు, గెంతడం వరకూ 88 పనులు చేయించి ఒక్కోదానికి 0 నుంచి 3 వరకూ వేస్తారు. చికిత్స వల్ల మార్పు వచ్చిందో లేదో దీనితో తెలుస్తుంది.

మూడోది నాకు బాగా నచ్చింది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో తయారైంది, 2004లో ప్రచురించారు. పేరు ఫంక్షనల్ మొబిలిటీ స్కేల్. మూడు దూరాలు చెప్పి, ఆ దూరం మీ పిల్ల ఎలా వెళుతుందని అడుగుతారు. 5 మీటర్లు అంటే ఇల్లు, 50 మీటర్లు అంటే బడి, 500 మీటర్లు అంటే బజారు. చక్రాల కుర్చీ అయితే 1, వాకర్ అయితే 2, చంకకర్రలు అయితే 3, చేతికర్రలు అయితే 4, చదునైన నేల మీద సొంతంగా అయితే 5, ఎక్కడైనా సొంతంగా అయితే 6. పాకుతూ వెళ్లేవారికి విడిగా ఒక గుర్తు. మా అమ్మాయికి 2, 2, 1. పిల్ల ఒక్కతే, కానీ చోటు మారితే అంకె మారుతుంది. నిజానికి టీవీలో తనకు నచ్చిన కార్యక్రమం మొదలైందంటే వాకర్ వదిలేసి పాకుతూ హాల్లోకి వచ్చేస్తుంది. అదే తనకు అన్నిటికన్నా వేగం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఐసీఎఫ్ అనే వర్గీకరణ తెచ్చింది. అందులో ఒక మంచి తేడా చూపించారు. అనుకూలమైన చోట, పరీక్షలో మనిషి చేయగలిగింది ఒకటి. తన రోజువారీ జీవితంలో నిజంగా చేస్తున్నది ఇంకొకటి. మన భాషలో చెప్పాలంటే మంజూరైన పరిమితి ఒకటి, వాడుకున్న మొత్తం ఇంకొకటి. ఆసుపత్రిలో నున్నటి గచ్చు మీద, పక్కన మేడమ్ ఉండగా 50 మీటర్లు నడిచే పిల్ల, బడిలో గతుకుల వరండాలో, పక్కనుంచి పిల్లలు పరుగెత్తుతుంటే 10 మీటర్లు కూడా నడవకపోవచ్చు. పరిమితి ఉండీ వాడుకోవడం లేదంటే లోపం ఖాతాదారుడిలోనే ఉందని మనం అనుకోం కదా. అడ్డం ఎక్కడుందో చూస్తాం.

వారం రోజుల గీత

ఆ అడ్డం ఎక్కడుందో చూపించింది మళ్లీ ఒక పరికరమే. ఫిజియోథెరపీలో పీజీ చదువుతున్న ఒక అమ్మాయి తన ప్రాజెక్టు కోసం ఇలాంటి పిల్లల రోజువారీ కదలికను కొలుస్తోంది. మా సంతకాలు తీసుకుంది. మా అమ్మాయిని కూడా విడిగా కూర్చోబెట్టి, "నీకు ఇష్టమేనా? మధ్యలో వద్దనిపిస్తే తీసేయొచ్చు" అని అడిగింది. ఆ మాట నేను బ్యాండ్ కట్టినప్పుడు అడగలేదు.

అగ్గిపెట్టె అంత పరికరం, ఎలాస్టిక్ బెల్టుతో నడుముకు కట్టాలి. యాక్సిలరోమీటర్ అంటారు. సెకనుకు ఎన్నోసార్లు మూడు దిశల్లో కదలికను నమోదు చేస్తుంది. ఏడు రోజులు ఉంచుకోవాలి, స్నానానికీ నిద్రకూ తీసేయాలి. తీసిన, కట్టిన వేళలు, ఆ గంటలో ఏం చేసిందో ఒక నోటుపుస్తకంలో రాయాలి. ఆ పని మా ఆవిడది. పరికరం మీద అంకెలేవీ కనిపించవు. చూసి మురిసిపోవడానికీ, ఏడవడానికీ ఏమీ లేదు. "మామూలుగా ఉండండి. ఎక్కువ నడిపించకండి" అని గట్టిగా చెప్పారు. మొదటి రోజు కొత్త ఉత్సాహంలో పిల్లలు ఎక్కువ తిరుగుతారని ఆ రోజు లెక్క పక్కన పెట్టేశారు. బడి రోజులు, సెలవు రోజులు రెండూ ఉండాలన్నారు. ఒక్కరోజు నగదు నిల్వ చూసి బ్రాంచి వ్యాపారం చెప్పలేం, అలాగే.

వారం తరవాత ప్రింటు తీసిన గ్రాఫులు మా ముందు పెట్టారు. రోజుకొక గీత. పిల్ల కదిలిన చోట గీత లేస్తుంది, కూర్చున్న చోట పడిపోతుంది. రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, ఆదివారం గీత అన్నిటికన్నా చదునుగా ఉంది. అంటే మేం ఇంట్లో ఉన్న రోజే పిల్ల అతి తక్కువ కదులుతోంది. వారమంతా అలసిపోయానని నేను పడుకుంటాను, నాతోపాటు ఇల్లంతా పడుకుంటుంది. రెండోది, బుధవారం, శుక్రవారం మధ్యాహ్నం రెండింబావు నుంచి మూడింటి వరకూ గీత పూర్తిగా నేలకు అంటుకుపోయింది. పరికరం ఊడిపోయిందేమో అనుకున్నాను. నోటుపుస్తకం చూస్తే ఆ వేళ ఎదురుగా "ఆటల పీరియడ్" అని ఉంది.

"ఆటల పీరియడ్‌లో నువ్వెక్కడ ఉంటావమ్మా?" అని అడిగాను.

"క్లాసులోనే నాన్నా. అందరి బ్యాగులూ చూసుకుంటాను" అంది. అదో బాధ్యతగల ఉద్యోగమన్నట్టే చెప్పింది.

రెండేళ్లుగా అదే పని. బడివాళ్లను నేను తప్పుపట్టడం లేదు. పడిపోతుందేమోనని వాళ్ల భయం. మేమూ ఒక్కరోజు అడగలేదు. మార్కులు అడిగాం, హాజరు అడిగాం, ఆటల పీరియడ్‌లో ఏం చేస్తోందని అడగలేదు. ఇంట్లో 3,000 అడుగుల టార్గెట్ పెట్టిన తండ్రికి, వారానికి రెండుసార్లు ముప్పావు గంట చొప్పున పిల్ల బ్యాగుల దగ్గర కూర్చుంటోందని తెలియదు.

ఆ గ్రాఫు పట్టుకుని బడికి వెళ్లాం. ప్రధానోపాధ్యాయురాలు కాగితం చాలాసేపు చూశారు. "పడితే బాధ్యత ఎవరిదండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. మేం రాతపూర్వకంగా అంగీకారం ఇచ్చాం. థెరపిస్టు మేడమ్ ఒకరోజు వచ్చి, ఎలా పట్టుకోవాలో, అలసట ఎలా గుర్తించాలో పీటీ మాస్టారుకు చూపించారు. ఇప్పుడు తను గ్రౌండుకు వెళుతుంది. ఇద్దరు స్నేహితురాళ్లతో గీత వెంట వాకర్‌తో నడుస్తుంది. కుర్చీలో కూర్చుని బంతి విసురుతుంది. ఖోఖోలో విజిల్ తనదే. బ్యాగులకు ఏమీ కాలేదు.

నాలుగు నెలల తరవాత మళ్లీ కొలిచారు. ఆ రెండు రోజుల్లో చదును గీత లేదు. కానీ వారం మొత్తం చూస్తే పెరిగింది కొద్దిగానే. నా పాత ఎక్సెల్ షీటులో అయితే దాన్ని ఎర్రరంగులో చూపించేవాణ్ణి.

తగ్గకపోవడం కూడా లాభమే

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన మాట. డిపాజిట్లలాగా ఏటేటా పెరగాలని నేను అనుకునేవాణ్ణి. 2009లో కెనడా పరిశోధకులు చాలామంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మొదటి రెండు స్థాయిల పిల్లలు సాధించుకున్న కదలికలు పెద్దయ్యాక కూడా నిలుస్తాయి. మూడు, నాలుగు, ఐదు స్థాయిల పిల్లల్లో ఏడెనిమిదేళ్ల దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ తరవాత సగటున కొంత తగ్గుతుంది. ఎత్తు, బరువు పెరుగుతాయి, ఎముక పెరిగినంతగా బిగుసుకున్న కండరం సాగదు, కీళ్లు పట్టేస్తాయి. అందుకే ఈ వయసులో ఉన్నది నిలుపుకోవడం చిన్న సంగతి కాదు. వెనక్కి లాగే ప్రవాహంలో నిలబడిన పడవను కదలలేదని అనకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి మార్గదర్శకాల్లో తొలిసారి వైకల్యం ఉన్న పిల్లల గురించి విడిగా చెప్పింది. 5 నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాలు కాస్త చెమట పట్టే శ్రమ ఉండాలని సూచించింది. అయితే అక్కడే, అంత చేయలేకపోయినా కొంతైనా చేయడం ఏమీ చేయకపోవడం కన్నా మేలు, కొద్దికొద్దిగా మొదలుపెట్టి పెంచుకోవాలి, కూర్చుండిపోయే సమయం తగ్గించుకోవాలి అని కూడా చెప్పింది. మా ఇంట్లో ఈ రెండో భాగమే పట్టుకున్నాం. హోంవర్కు మధ్యలో అరగంటకోసారి లేచి కిటికీ పట్టుకుని నిలబడడం. ఆదివారం పొద్దున రైతుబజారు.

రైతుబజారు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. పిల్లలు ఏయే పనుల్లో పాల్గొంటున్నారో తెలుసుకోవడానికి కేప్ అనే ప్రశ్నావళి ఉంది. అందులో 55 రకాల పనులు ఉంటాయి. చేశావా, ఎన్నిసార్లు, ఎవరితో, ఎక్కడ అని అడిగి, చివరికి ఎంత ఇష్టంగా చేశావని కూడా అడుగుతారు. ఏ పరికరమూ ఆ ఆఖరి ప్రశ్న అడగదు. మా అమ్మాయి అన్నిటికన్నా ఎక్కువ ఇష్టం వేసింది రెండింటికి. ఖోఖోలో విజిల్ ఊదడం, రైతుబజారులో తన కుర్చీ చక్రాలు తనే తోసుకుంటూ బేరం చేయడం. బజారు నుంచి వచ్చేసరికి వీపు తడిసిపోతుంది. నడుముకు కట్టిన పరికరం మాత్రం ఆ గంటలో ఇంచుమించు సున్నా చూపించింది. కుర్చీ తోసే చేతుల శ్రమ నడుముకు తెలియదు. చేతికి కట్టి ఉంటే కొంత పట్టుకునేదట. మంచి పరికరం కూడా అంతా చూడదు. అందుకే నోటుపుస్తకం, పిల్లను అడగడం కూడా కొలతలో భాగమే.

సహోద్యోగులకు నాలుగు మాటలు

ఇంట్లో ఇలాంటి పిల్లలున్న వారికి నా అనుభవంతో చెబుతున్నాను. కొలవండి, కానీ ముందు ఎందుకు కొలుస్తున్నారో థెరపిస్టుతో మాట్లాడి తేల్చుకోండి. పిల్లను అడిగి మొదలుపెట్టండి. ఒక్కరోజు అంకె చూసి ఏదీ నిర్ణయించకండి. అన్నయ్యతోనో, పక్కింటి పిల్లతోనో కాదు, ఆరు నెలల కిందటి తనతోనే పోల్చండి. అంకె తక్కువ వచ్చిందంటే పిల్లను ప్రశ్నించే ముందు, ఆ గంటలో పిల్లను ఎక్కడ కూర్చోబెట్టామని మనల్ని మనం అడగాలి.

ఉద్యోగ విషయాలు కూడా రెండు చెప్పాలి. వైకల్యం ఉన్న పిల్లల సంరక్షణ చూసే ఉద్యోగులకు సాధారణ బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వాలని కేంద్ర సిబ్బంది శాఖ 2014 జూన్ 6న ఉత్తర్వు ఇచ్చింది. బ్యాంకుల్లో కూడా ఈ వెసులుబాటు ఉంది. దరఖాస్తు ఎలా చేయాలో హెచ్‌ఆర్ విభాగంలో అడగండి, మొహమాటపడకండి. పాత పన్ను విధానంలో ఉన్నవారికి 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 రూపాయల మినహాయింపు ఉంది. దీనికి వైకల్య ధ్రువపత్రం కావాలి.

ఇక మిగిలిన అందరికీ ఒక విన్నపం. ఇందాక 500 మీటర్ల అంకె గురించి చెప్పాను. బజారు, బస్టాండు, బ్యాంకు అందులోకే వస్తాయి. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరుతో ఖాతా తెరిచి నడుపుకోవచ్చని మనకు తెలుసు. మా అమ్మాయి పదేళ్లు నిండగానే ఖాతా కావాలంది. ఒక బ్రాంచికి తీసుకెళ్లాను. గుమ్మానికి నాలుగు మెట్లు, ర్యాంపు లేదు. ఎత్తుకుంటానంటే ఒప్పుకోలేదు. మేనేజరు మంచివాడు, దరఖాస్తు పట్టుకుని తనే కారు దగ్గరికి వచ్చి సంతకం చేయించుకున్నాడు. దారిలో తను, "అందరూ లోపలికి వెళ్లి కదా నాన్నా ఖాతా తెరుస్తారు" అంది. నా బ్యాంకు సర్వీసులో ఒక ఖాతాదారు ఫిర్యాదుకు నా దగ్గర జవాబు లేకపోవడం అదే మొదటిసారి.

ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలన్నది మన దేశంలో అమల్లో ఉన్న ప్రమాణం. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆ నాలుగు మెట్లు కలిపి రెండు అడుగుల ఎత్తు, అంటే 24 అడుగుల ర్యాంపు. చోటు లేకపోతే మలుపు తిప్పి కట్టుకోవచ్చు. ఆ బ్రాంచిలో ఇప్పుడు కట్టారు. కిందటి నెల మా అమ్మాయి కుర్చీ తనే తోసుకుంటూ లోపలికి వెళ్లి, 200 రూపాయలు జమ చేసి, పాస్‌బుక్ ముద్రించుకుని వచ్చింది. పైకి ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగింది. నేను వెనక నిలబడ్డాను, తోయలేదు. ఆ రోజు నడుముకు ఏ పరికరమూ లేదు.

రేపు పొద్దున మీ మీ బ్రాంచీలకు వెళ్లినప్పుడు, షట్టరు తీసే ముందు ఒక టేపు తీసుకుని గుమ్మం మెట్ల ఎత్తు కొలవండి. ఆ అంకె జోనల్ కార్యాలయానికి రాసి పంపండి. నేను అడిగే టార్గెట్ ఇదొక్కటే.

చెయ్యి ఊపిన సంగతి చెప్పానని ఇంటికి వెళ్లి రిపోర్టు చేయాలి. సెలవు.